లంబసింగి నుంచి వచ్చిన సాక్ష్యం

"భూమి వేడెక్కుతోందన్నావుగా, ఇదిగో చూడు!" అంటూ బాబాయి లంబసింగి ఫోటో పంపారు. గడ్డి మీద తెల్లటి మంచు, పక్కన మంకీ క్యాప్‌లో ఆయన. కుటుంబం గ్రూపు నిండా నవ్వు బొమ్మలు.

నేను ఊరుకుంటానా? లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, జనవరిలో అక్కడ చలి లేకపోతేనే వార్త అని రాశాను. ఒక ఊళ్లో ఒక తెల్లవారుజాము వేరు, భూమి మొత్తానికి ఏడాది పొడవునా తీసిన సగటు వేరు. ఆ సగటు లెక్కలో 2024 అప్పటివరకు నమోదైన అన్ని సంవత్సరాలకన్నా వేడైనది. పారిశ్రామిక యుగానికి ముందుకంటే సుమారు 1.5 డిగ్రీలు ఎక్కువ.

"డిగ్రీన్నరకే ఇంత గోలా?"

"మీ ఒంటికి డిగ్రీన్నర పెరిగితే పిన్ని మిమ్మల్ని మంచం దిగనిస్తుందా బాబాయ్?"

జవాబుగా ఇంకో మంచు ఫోటో!

2015 ఫిబ్రవరిలో జేమ్స్ ఇన్‌హోఫ్ అనే సెనేటర్ ఏకంగా మంచు ముద్ద పట్టుకుని అమెరికా సెనేట్‌లో ఇదే వాదన చేశారు. తీరా చూస్తే, అప్పటివరకు నమోదైన వాటిలో ఆ ఏడాదే అత్యంత వేడిగా తేలింది. బాబాయి నయం, ముద్ద విసరలేదు.

ఆయన అబద్ధమూ చెప్పడం లేదు. నిజంగానే వణికారు. సగటును చూసి వణికేవాళ్లెవరు? మే నెలలో రెంటచింతల తీసుకెళ్తే తప్ప నా మాట వినరు.

ఇంతలో పిన్ని మెసేజ్: "ఆ వాదన తర్వాత. కాఫీ పొడి కొన్నారా లేదా?"

దీనికి మాత్రం ఫోటో రాలేదు.