నాన్న డిస్కు

పదకొండున్నర దాటింది. అందరూ పడుకున్నారు. నాన్న హార్డ్ డిస్కులోంచి కాపీ అవుతోంది, ఇంకా గంట పైనే చూపిస్తోంది. కోపం చల్లారలేదు కాబట్టి ఈలోపు రాసేస్తున్నాను.

నాలుగు రోజులుగా ప్లగ్ పెట్టగానే నీలం లైటు వెలిగేది, లోపల జుయ్‌మని తిరగబోయి టక్‌మని ఆగిపోయేది. మళ్లీ జుయ్, మళ్లీ టక్. ఈయన బరంపురం వెళ్తూ ఒక షాపులో చూపించారు. అక్కడి మనిషి చెవి దగ్గర పెట్టుకుని విని, "హెడ్ పోయింది, డేటా తీయాలంటే వేలల్లో అవుతుంది" అన్నాడట. హెడ్ అంటే డిస్కు మీది డేటా చదివే ముక్క. అడాప్టర్ మార్చి చూశాడా అని అడిగాను. మీటరు పెడితే 12 వోల్టులు చూపించిందట, కాబట్టి అది బాగానే ఉందట!

అక్కడే ఒళ్లు మండింది. లోడు లేకుండా, అంటే డిస్కు తగిలించకుండా, ఉత్త పిన్ను మీద మీటరు పెడితే చాలీచాలని అడాప్టరూ 12 చూపిస్తుంది. కంప్యూటర్ సెంటర్ నడిపిన రోజుల్లో ఇలాంటివి ఎన్ని చూశానో. ఇంత పెద్ద డిస్కుకు కష్టమంతా తిరగడం మొదలుపెట్టే ఆ కొన్ని సెకన్లే. అప్పుడు ఇంచుమించు 2 ఆంపియర్లు లాగుతుంది, వేగం అందుకున్నాక అందులో సగం కూడా అక్కర్లేదు. ఆ మొదటి ఊపుకు కరెంటు చాలకపోతే వోల్టేజి పడిపోతుంది, మోటారు ఆగిపోతుంది. లైటుకేం, కాస్త కరెంటు ఉన్నా వెలుగుతుంది.

2018 అక్టోబరు 10 రాత్రి, తిత్లీ తుపాను వస్తోందని తెలిసి పర్లాకిమిడి అంతా తలుపులు బిగించుకుంటుంటే, నాన్న ఈ డిస్కును పాత లుంగీలో చుట్టి, రెండు పాలిథిన్ కవర్లు తొడిగి, రబ్బరు బ్యాండ్లు వేసి బియ్యం డబ్బా అడుగున పెట్టారు. బంగారం బీరువాలోనే ఉంది. అదేమిటి నాన్నా అంటే, "బంగారం మళ్లీ కొనుక్కోవచ్చు. మీ అమ్మ గొంతు ఎక్కడ కొంటాం?" అన్నారు. తెల్లారేసరికి కొబ్బరిచెట్టు వంటింటి మీద పడి ఉంది. రేకులు లేచిపోయాయి, లోపల చీలమండల దాకా నీళ్లు. డబ్బా మాత్రం కదల్లేదు. కరెంటు రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చిన సాయంత్రం నాన్న దాన్ని తుడిచి ప్లగ్ పెట్టి, తిరుగుతున్న చప్పుడు వినగానే కుర్చీలో కూలబడ్డారు. ఊపిరి పీల్చుకున్నట్టు మొదలై సన్నగా నిలబడే చప్పుడది. అది తెలుసు కాబట్టే హెడ్ పోయిందంటే నమ్మలేకపోయాను.

మొదట లో వోల్టేజీ అనుకున్నాను. కానీ అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టుల దాకా అని ఉంది, మా ఇంట్లో ఎంత తగ్గినా అంత తగ్గదు. టార్చి వేసి కింది వరస చదివితే, 12 వోల్టులు, 1 ఆంపియర్. అది ఇంట్లో నెట్ ఇచ్చే రౌటర్‌ది! డిస్కుది 2 ఆంపియర్లది, హాల్లో రౌటర్‌కు ఉంది. రెండూ నలుపే, పిన్నూ ఒకటే. ఎక్కువ ఆంపియర్లది తగిలించినా రౌటర్ తనకు కావలసినంతే తీసుకుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

రౌటర్ జరిపిన నెట్ కుర్రాణ్ణి సాయంత్రమంతా తిట్టుకున్నాను. అన్నాలప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు పొయ్యి మీద చేపల పులుసు ఉంది, "అక్కడున్నది ఏదో ఒకటి పెట్టెయ్ బాబూ" అని వంటింట్లోంచి అరిచింది నేనే. పాపం, చెప్పినట్టే చేశాడు.

షాపతన్ని కూడా పూర్తిగా తప్పు పట్టలేను. పదేపదే ఆన్ చేయొద్దన్నాడు, అది మంచి మాటే. కానీ పోయిందని చెప్పేముందు తన దగ్గరున్న 2 ఆంపియర్ల అడాప్టర్ ఒక్కటి తగిలించి చూడాల్సింది. నిమిషం పని. ఆ మాట విని ఈయన నాన్నకు ఎలా చెప్పాలా అని బస్సులో దారంతా టెన్షన్ పడ్డారు. ఆ కోపం మాత్రం పోవడం లేదు.

అడాప్టర్ మార్చగానే తిరిగింది. అమ్మ మంగళహారతి ఒక్క చరణం విని ఆపేశాను. రెండు అడాప్టర్లకూ తెల్ల టేపు అంటించి పేర్లు రాశాను. నాన్నకు ఇవేవీ చెప్పలేదు. రేపు శుక్రవారం, స్నానం కాగానే హారతి పెట్టమంటారు.