కోనసీమ ఉక్కలో రాతి మొక్క: నా అనుభవం

కడియం నర్సరీల్లో దొరకని మొక్క లేదంటారు. గులకరాయిలా కనిపించే లిథాప్స్ అనే రాతి మొక్కను నేను కొన్నదీ అక్కడే. ఆకుల్లో నీరు దాచుకునే ఈ సక్యులెంట్‌ను కోనసీమలో బతికించడం కష్టమని అమ్మినవారే ముందుగా చెప్పారు. మా ఇంటికి ఒక పక్క కాలువ, మిగతా పక్కలన్నీ వరిచేలు. గాలిలోనూ తేమే.

అందుకని ముందు దాని పుట్టింటి సంగతులు చదివాను. దక్షిణాఫ్రికా, నమీబియాల్లోని ఎండు రాతి నేలలు దాని సొంత చోటు. 1811లో విలియం బర్చెల్ అనే ఆంగ్లేయ వృక్ష పరిశోధకుడు దక్షిణాఫ్రికాలోని ప్రీస్కా ఊరి దగ్గర వింత గులకరాయి అనుకుని చేతికి తీసుకుంటే, అది మొక్క! ఉన్నవి రెండే దళసరి ఆకులు, మధ్యలో చీలిక. ఒళ్లంతా నేలలో దాచుకుని నెత్తి మాత్రం బయట పెడుతుంది. ఆ నెత్తి గుండానే వెలుతురు లోపలి పచ్చదనానికి అందుతుంది. నీరు ఆవిరి కాకుండా పగలు ఆకుల మీది సన్నని రంధ్రాలు మూసుకుని, చల్లబడ్డాక రాత్రి తెరుస్తుంది. మన జూన్ రాత్రులు చల్లబడవు. దాంతో మొక్క ఎదుగుదల ఆపి నిద్రలోకి జారుకుంటుంది, అప్పుడు వేళ్లు తడిస్తే కుళ్లిపోతాయి. ఇక్కడ దానికి ఎండకన్నా ఉక్కే శత్రువు.

కుండీలో ఉన్న కొబ్బరిపొట్టును పూర్తిగా దులిపేశాను. మన దగ్గర అన్ని మొక్కలకూ అదే వేస్తారు గానీ, నీటిని పట్టి ఉంచే ఆ గుణమే దీనికి ప్రమాదం. గోదావరి ఇసుక జల్లించి, జల్లెడలో మిగిలిన గరుకు ఇసుక, గులకలు మూడొంతులు, మట్టి ఒక వంతు కలిపాను. లోతైన మట్టికుండీలో నాటి, తూర్పు అరుగు మీద చూరు కింద పెట్టాను.

అసలు పరీక్ష సంక్రాంతికి మొదలైంది. చీలిక వెడల్పై కొత్త ఆకుల జంట తొంగిచూసింది. అది పాత ఆకుల్లోని నీటిని పీల్చుకునే పెరగాలి. మనం నీళ్లు పోస్తే పాతవి ఎండకుండా ఉండిపోయి, కొత్తవాటిని నొక్కేస్తాయి. పాత ఆకులు ముడతలు పడుతుంటే మా అత్తయ్యగారు ఉండబట్టలేకపోయారు.

“చెంబుడు నీళ్లు పోయమ్మా, ఉసురు తగులుతుంది.”

“లోపలి పిల్ల ఆ ఆకుల నీళ్లే తాగుతోందండీ, అత్తయ్యగారూ.”

ఆ తర్వాత ఆవిడే రోజూ కుండీ ముందు కూర్చుని చూసేవారు. ఉగాది నాటికి పాత ఆకులు ఉల్లిపొరలా పలచబడి చిట్లాయి. బూడిద రంగు మీద ఇటుక రంగు గీతలతో కొత్త జంట బయటపడింది. పొరను నేను లాగలేదు. దానంతటది ఊడాలి. అప్పుడు గానీ కుండీ నిండా నీళ్లు పోయలేదు.

తొలకరి పడగానే మళ్లీ ఆపేశాను, దసరా వెళ్లేదాకా ఇంతే. ఒళ్లు మరీ ముడుచుకుంటే మాత్రం చీకటి పడ్డాక కుండీ అంచున చెంచాడు నీళ్లు వేస్తున్నాను.