బండ ఎక్కే ముందు చేసిన పని

బెజవాడ చుట్టూ కొండలకేం కొదవ లేదు. తాడు వేసుకుని ఎక్కడం నేర్చుకోవడానికి పనికొచ్చే బండ దొరకడమే కష్టం. ఇక్కడి కొండల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్ రాయి. ఎండకీ వానకీ నాని, పొరలు పొరలుగా ఊడుతుంది. 2024 ఆగస్టు చివరి వానలకు మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. భువనగిరి ఏకశిలలాంటి గ్రానైట్ మీద నేర్చుకున్నవాళ్లు అదే ధీమాతో ఇక్కడ పట్టు పట్టుకుంటే పెచ్చు చేతికొస్తుంది.

అందుకని మా ఆరుగురి తయారీలో మొదటి పని రాయిని తట్టి చూడటం. పిడికిలితో కొడితే గట్టిగా ఠంగుమనాలి. బోలుగా మోగిందంటే లోపల పొర విడిపోయినట్టే. ఉండవల్లి గుహలు, కొండపల్లి, కొండవీడు కోటగోడలు మన లెక్కలోకే రావు, అవి రక్షిత కట్టడాలు. రిజర్వు ఫారెస్టులోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. చివరికి గుంటూరు నుంచి కొండవీడు వెళ్లే వైపు ఓ రైతు పొలం అంచున ముప్పై అడుగుల బండ కుదిరింది. ఆయన్ని అడిగి, సరేనన్నాకే దిగాం. వెనకవైపు నుంచి నడిచి పైకి వెళ్లొచ్చు, కింద నేల చదును, ఎక్కే ముఖం పడమర వైపు. అంటే పొద్దున పదకొండు దాకా నీడ. డిసెంబరైనా సరే, ఎండ పడ్డ రాయి మీద వేళ్లు చెమటపట్టి జారతాయి.

తేనెపట్లు ఉన్నాయేమో ముందురోజే బైనాక్యులర్‌తో చూశాం. కొండచరియలకు వేలాడే పెద్ద తేనెటీగలు కదిలితే తాడు మీదున్నవాడు పారిపోలేడు. పట్టు కనబడితే ఆ బండ మానేయడమే. చేయి దూర్చే పగుల్లోకి ముందు టార్చి కొట్టి చూడాలి. తేళ్లకి అవే ఇళ్లు.

సామాను విషయంలో నేను మొండివాణ్ణి. వన్ టౌన్ హార్డ్‌వేర్ కొట్లో దొరికే తాడు లారీ సరుకు కట్టడానికే, మనిషికి కాదు. ఎక్కడానికి వాడింది 10 మిల్లీమీటర్ల డైనమిక్ తాడు, అంటే బరువు పడితే కాస్త సాగి కుదుపు తగ్గించేది. యాంకర్‌కు, అంటే బండ పైన ఆ తాడును మోసే కట్టుకు, వేరే అంతగా సాగని స్టాటిక్ తాడు. ముందురాత్రి గదిలో దుప్పటి పరిచి, ఎక్కే తాడునంతా ఈ కొస నుంచి ఆ కొసదాకా వేళ్ల మధ్య నుంచి పోనిచ్చాను. పైతొడుగు బాగానే ఉండి లోపల మెత్తబడ్డ చోటు కంటికి ఆనదు, బొటనవేలికే తెలుస్తుంది. తాడును అక్కడ మడిస్తే గుండ్రంగా వంగకుండా పుటుక్కున విరిగినట్టు ముడుచుకుంటుంది. అలాంటి తాడు ఇక ఎక్కడానికి పనికిరాదు.

ఆరుగురికీ హెల్మెట్లున్నాయి. కింద నిలబడ్డవాళ్లూ పెట్టుకోవాలి, పెచ్చు పడేది వాళ్ల మీదే కదా. ఉంగరాలు, గాజులు తీసేయాలి. ఉంగరం రాతి మొనకు తగులుకుని మనిషి జారితే వేలి చర్మం తొడుగులా ఊడొస్తుంది. చున్నీ వద్దు, జుట్టు ముడి వేసుకోవాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, క్రేప్ బ్యాండేజీ. 108కి ఫోన్ చేస్తే ఎక్కడున్నామో చెప్పడానికి ఊరి పేరు, దారి గుర్తు ఓ చీటీ మీద రాసి ఫోన్ కవరులో పెట్టాం.

యాంకర్ కట్టింది శిక్షణ పొందిన మనిషి, నేను సాయం పట్టాను. ఆ మనిషి లేకపోతే ప్రయాణం మానుకోవాలి, ఇందులో బేరం లేదు. యాంకర్‌కు ఆసరాగా ఓ వేపచెట్టు, నేలలో కూరుకుపోయిన రెండు రాళ్లు. చెట్టు తొడంత లావుండి, పచ్చగా ఉండి, కాలితో తన్నినా మొదలు కదలకూడదు. బండ పగుల్లో మొలిచిన రావిని నమ్మొద్దు, దాని వేళ్లే రాయిని చీలుస్తుంటాయి. యాంకర్ తాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. రెండే తాళ్లున్నాయనుకుంటే, కోణం 120 అయ్యేసరికి ఒక్కోదాని మీదా మొత్తం బరువంత లాగుడు పడుతుంది. యాంకర్ తాడు అంచుకు ఒరుసుకునే చోట గోనెసంచి మడిచి వేశాం. చివర రెండు లాకింగ్ క్యారబినర్లు (మూత బిగించే లోహపు కొక్కేలు), మూతులు ఎదురెదురుగా, అంచు దాటి కిందికి వేలాడేలా. ఎక్కే తాడు ఆ లోహం గుండానే నడవాలి. స్లింగ్ (నైలాన్ పట్టీ) గుండా నడిపితే రాపిడి వేడికి నైలాన్ కరిగి తెగుతుంది. అంచు దగ్గర పనిచేసే మనిషి ముందు తనను తాను కట్టుకోవాలి. తొందరలో మరిచేది ఇదే.

ఇక ముడి. నడుముకీ తొడలకీ తొడుక్కునే హార్నెస్‌లో బెల్టు నడుము ఎముకల పైన బిగిసి, కిందికి లాగినా జారకూడదు. తాడుతో ఫిగర్ ఎయిట్, అంటే 8 ఆకారపు ముడి, వేసి, కొసను హార్నెస్‌కున్న రెండు లూపుల్లోంచీ పోనిచ్చి, వచ్చిన దారినే వెనక్కి నడిపించాలి. ఐదు జతల గీతలు పక్కపక్కన కనబడాలి, కొస జానెడు మిగలాలి. కట్టినవాడు ఒకసారి, బిలే చేసేవాడు, అంటే కింద నిలబడి తాడు రెండో వైపు పట్టుకునేవాడు, ఒకసారి వేలితో తాకి లెక్కపెట్టాలి. బిలే పరికరం, దాని క్యారబినర్ లాకు కూడా అంతే. తాడు రెండో కొసకు ముడి వేయడం మరవొద్దు.

కేకల దగ్గర చిన్న చిక్కొచ్చింది. మన భాషలో ‘వదులు’ అంటే తాడు సడలించమనీ అర్థమే, చేయి వదిలేయమనీ అర్థమే. కొత్తగా బిలే చేసేవాడికి ఆ మాట వినిపించకూడదు. అందుకని ‘టైట్’, ‘లూజు’, ‘దించు’ అని మూడే మాటలు పెట్టుకున్నాం, ప్రతిదానికీ ముందు పేరు. ఏ మాట వినబడినా బ్రేకు చేయి, అంటే తాడును ఆపే చేయి, తాడు విడవదు.

మొదటి ఆరడుగులు తాడును అసలు లూజు ఉంచలేదు. ముప్పై అడుగుల బండకు పైకీ కిందికీ కలిపి దాదాపు అరవై అడుగుల తాడు పడుతుంది. డైనమిక్ తాడు మనిషి బరువుకు వందకు ఏడెనిమిది వంతులు సాగుతుంది, అంటే నాలుగడుగుల పైమాటే. కాస్త ఎక్కి జారినవాడి కాళ్లు ఆ సాగుడుకే నేలకు తగులుతాయి. ఎక్కేవాడు బాగా బరువైతే, బిలే చేసేవాణ్ణి వెనక ఇంకో ఆధారానికి కట్టాం.

పదకొండుకు ఎండ ముఖం మీదికొచ్చింది, సామాను దించేశాం. తాడును నీడలోనే ఆరేయాలి. డిక్కీలో బ్యాటరీ పక్కన పెట్టకూడదు, యాసిడ్ ఆవిరి తగిలిన నైలాన్ బయటికి బాగానే కనబడుతుంది, లోపల బలం పోయి ఉంటుంది.