అమ్మానాన్నలతో, పిల్లలతో ఉడ్వార్-హేజీ స్పేస్ మ్యూజియం: నా అనుభవం

నార్తర్న్ వర్జీనియాలో ఉంటే, ఇండియా నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్లే చోట్లు కొన్ని ఉంటాయి. వాటిలో షాంటిలీలోని ఉడ్వార్-హేజీ సెంటర్ ఒకటి. డల్లెస్ ఎయిర్‌పోర్టుని ఆనుకునే ఉంటుంది. ప్రవేశం ఉచితం. 39 సార్లు అంతరిక్షానికి వెళ్లొచ్చిన డిస్కవరీ స్పేస్ షటిల్ అక్కడే ఉంది. కానీ చాలా కుటుంబాలు గుమ్మంలోనే కనిపించే విమానాల దగ్గర మొదలుపెట్టి, అటూ ఇటూ తిరిగి తిరిగి, షటిల్ దగ్గరికి చేరేసరికి పెద్దవాళ్ల కాళ్లూ పిల్లల ఓపికా రెండూ అయిపోతాయి. రెండు ఫొటోలు దిగి బయటపడతారు. ఇక్కడ ముందు అయిపోయేది టైమ్ కాదు, మోకాళ్లు. అందుకని నేను ప్లానంతా మోకాళ్ల లెక్కనే వేస్తాను.

అన్నిటికంటే ముందు, వెళ్లేది ఏ మ్యూజియమో తేల్చుకోవాలి. స్మిత్సోనియన్ వాళ్ల ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంకి రెండు భవనాలున్నాయి. ఒకటి వాషింగ్టన్ డీసీలో నేషనల్ మాల్ మీద, రెండోది షాంటిలీలో. మధ్య దూరం దాదాపు 28 మైళ్లు. ఫోన్‌లో ఉత్త ‘ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం’ అని కొడితే డీసీకి తీసుకెళ్లిపోవచ్చు. అక్కడ పార్కింగ్ దొరకడమే ఒక యజ్ఞం, పైగా ఆ భవనానికి ముందుగా టైమ్ రాసిన ఉచిత పాస్‌లు తీసుకోమంటారు. షాంటిలీకి పాస్ గొడవ లేదు. అపోలో 11లో ముగ్గురు వ్యోమగాములూ చంద్రుడి దగ్గరికి వెళ్లొచ్చిన కొలంబియా మాడ్యూల్ డీసీలో ఉంది, షటిల్ షాంటిలీలో ఉంది. రెండూ ఒకే రోజు చూపిద్దామనే ఆలోచన పెద్దవాళ్లు వెంట ఉంటే పెట్టుకోకండి. ఐ-66 మీద ట్రాఫిక్ దొరికితే సగం రోజు కారులోనే పోతుంది.

తలుపులు ఉదయం 10కి తీస్తారు, సాయంత్రం 5:30కి మూసేస్తారు. డిసెంబర్ 25 తప్ప రోజూ ఉంటుంది. ఇంకో మినహాయింపు కూడా గుర్తుపెట్టుకోవాలి: అమెరికా ప్రభుత్వ బడ్జెట్ ఆగి షట్‌డౌన్ వస్తే స్మిత్సోనియన్ మ్యూజియంలు మూతపడతాయి. 2013 అక్టోబర్‌లో, 2019 జనవరిలో, 2025 అక్టోబర్‌లో అలాగే జరిగింది. వార్తల్లో షట్‌డౌన్ మాట వినపడితే బయలుదేరే ముందు వెబ్‌సైట్ చూసుకోవాలి. కారుకి పార్కింగ్ 15 డాలర్లు, సాయంత్రం 4 తర్వాత వచ్చేవాళ్లకి ఉచితం. ఇంట్లో ఎంతమంది ఉన్నా ఒకే కారులో, మినీవ్యాన్ ఉంటే అందులో వెళ్లడమే లాభం. యాష్‌బర్న్, స్టెర్లింగ్ వైపు నుంచి వచ్చేవాళ్లు టోల్ రోడ్డు ఎక్కాల్సిన పనే లేదు. రూట్ 28 మీద దక్షిణంగా వస్తే మ్యూజియం బోర్డు చూపించే ఎగ్జిట్ తగులుతుంది.

ఏ రోజు, ఏ వేళ? అమ్మానాన్నలు దిగి వారం కాకపోతే మధ్యాహ్నం ప్లాన్ వద్దు. ఎండాకాలంలో మనకీ ఇండియాకీ తేడా తొమ్మిదిన్నర గంటలు. ఇక్కడ మధ్యాహ్నం 2:30 అంటే వాళ్ల ఒంటికి అర్ధరాత్రి 12. ఎంత ఉత్సాహంగా బయలుదేరినా ఆ టైమ్‌కి కళ్లు మూతలు పడతాయి. అదే ఉదయం 10 అంటే వాళ్లకి రాత్రి 7:30, ఇంకా హుషారుగానే ఉంటారు. అందుకని తలుపులు తీసే వేళకి అక్కడుండి, ఒంటిగంటకల్లా బయటికి రావడం నా పద్ధతి. వసంతకాలంలో, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో, పనిరోజుల్లో స్కూలు బస్సులు వచ్చే అవకాశం ఎక్కువ, ఆ గోల పొద్దుటి పూటే ఉంటుంది. ఆ నెలల్లో మాత్రం ఆదివారం పొద్దున్నే నయం. వాళ్ల తిరుగు ప్రయాణం రోజున, ఎలాగూ ఎయిర్‌పోర్టు పక్కనే కదా అని సూట్‌కేసులు కారులో పెట్టుకుని మ్యూజియం చూపించే ఐడియా చాలామందికి వస్తుంది. నేను వద్దంటాను. ఆ రోజు వాళ్ల మనసంతా పాస్‌పోర్టు మీదా, పెట్టె తూకం మీదా ఉంటుంది, షటిల్ మీద కాదు.

తిండి సంగతి ఇంట్లోనే తేల్చుకోవాలి. లోపల తినే చోటు ఉంది గానీ శాకాహారం తినే పెద్దవాళ్లకి నచ్చేవి పెద్దగా దొరకవనుకోండి. గ్యాలరీల్లో తినడానికి వీల్లేదు, నీళ్ల సీసా వరకు ఫర్లేదు. అందుకే తొమ్మిదింటికల్లా ఇంట్లో ఇడ్లీయో ఉప్మానో కడుపునిండా పెట్టి తీసుకెళ్తాను. షుగర్ ఉన్నవాళ్లకి బిస్కెట్లు, అరటిపండు కారులో ఉంచుతాను, లోపలికి వెళ్లే ముందు పార్కింగ్‌లోనే ఓ ముక్క తినిపిస్తాను. ఒంటిగంటకి బయటపడితే హెర్న్‌డన్‌లో, షాంటిలీలో మన భోజనం దొరికే హోటళ్లు కారులో కాసేపటి దూరమే.

గుమ్మం దగ్గర బ్యాగులు చూస్తారు, మెటల్ డిటెక్టర్ ఉంటుంది. పండ్లు కోసుకునే చిన్న చాకు అమ్మల హ్యాండ్‌బ్యాగులో ఉండిపోవడం మామూలే. ఇంట్లోనే తీసి పెట్టేయండి, లేకపోతే అక్కణ్నుంచి కారు దాకా మళ్లీ నడక. సెల్ఫీ స్టిక్, ట్రైపాడ్ లోపలికి రానివ్వరు. లోపలికి అడుగు పెట్టగానే చేయాల్సిన పని వీల్‌చైర్ అడగడం. ఉచితంగా ఇస్తారు, ముందు వచ్చినవాళ్లకి ముందు. “నాకెందుకురా, నేను నడుస్తాగా” అని నాన్న అంటారు. అయినా తీసుకోండి. మొదట్లో దాన్ని నెడుతూ నడుస్తారు, అరగంటకి అందులోనే కూర్చుంటారు. లోపల అంతా గట్టి కాంక్రీటు నేల, కూర్చునే బెంచీలు తక్కువ. మెత్తటి బూట్లు తప్పనిసరి, కొత్త చెప్పులు వద్దు. విమానాలుంచే అంత పెద్ద హ్యాంగర్‌లో చల్లగా అనిపిస్తుంది, పెద్దవాళ్లకి ఒక స్వెటర్ వెంట ఉండాలి.

ఇక లోపలి దారి. లోపలికి రాగానే ఒక పిట్టగోడ దగ్గర నిలబడతాం, కింద ఎస్ఆర్-71 బ్లాక్‌బర్డ్ అనే గూఢచారి విమానం నల్లగా పరుచుకుని ఉంటుంది. దాని వెనక, ఎదురుగా, తెల్లటి ముక్కుతో కనిపించేదే డిస్కవరీ. అందరూ ఇక్కడే దారి తప్పుతారు. రెండు వైపులా పాత విమానాలు పిలుస్తుంటాయి, పిల్లలు ఒకవైపు, తాతయ్య ఇంకోవైపు. ఆ ప్రధాన హ్యాంగర్ పొడవే దాదాపు 300 మీటర్లు. మీరు అటూ ఇటూ చూడకుండా ర్యాంపో ఎలివేటరో పట్టుకుని కిందికి దిగి, బ్లాక్‌బర్డ్‌ని దాటి, తిన్నగా స్పేస్ హ్యాంగర్‌లోకి వెళ్లండి. బ్లాక్‌బర్డ్ దగ్గర ఒక్క నిమిషం ఆగి ఒక్క ముక్క చెప్తే చాలు: 1990 మార్చి 6న ఇది లాస్ ఏంజెలెస్ నుంచి వాషింగ్టన్‌కి 64 నిమిషాల 20 సెకన్లలో వచ్చింది. హైదరాబాద్ నుంచి విజయవాడకి కారులో ఎంత సేపు పడుతుందో పిల్లలకి తాతయ్యే చెప్తారు.

డిస్కవరీ దగ్గర కనీసం ముప్పావుగంట ఉంచుకోవాలి. చాలామంది ముక్కు దగ్గర ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. చుట్టూ తిరగాలి. 37 మీటర్ల పొడవు, లోపలికి ఎక్కనివ్వరు, కాబట్టి చూడాల్సిందంతా ఒంటిమీదే ఉంటుంది. మొదటి మాటగా అందరూ “ఇదేంటి, ఇంత మాసిపోయి ఉంది?” అంటారు. కడగక కాదు, 2011 మార్చిలో ఆఖరిసారి దిగినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచారు. ఆ చారలు వాతావరణంలోకి దిగేటప్పటి వేడికి పడినవి. పొట్ట వైపు నల్లటి పలకలు కనిపిస్తాయి. వంగి చూస్తే ఒక్కో పలక మీద సన్నటి అంకెలు, అక్షరాలు ముద్రించి ఉంటాయి. షటిల్ వంపుని బట్టి ఒక్కో పలకదీ ఒక్కో కొలత, ఒకదాని చోట ఇంకొకటి సరిపోదు, అందుకే ప్రతిదానికీ ఒక నంబరు. ఒకేలాంటివి రెండు వెతకమని పిల్లలకి పందెం పెట్టండి, ఓ పావుగంట పెద్దవాళ్లు ప్రశాంతంగా కూర్చోవచ్చు.

ఇక్కడ మనవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న: “కల్పనా చావ్లా వెళ్లింది ఇందులోనేనా?” కాదు. ఆమె రెండుసార్లూ వెళ్లింది కొలంబియా అనే ఇంకో షటిల్‌లో, 1997లో, 2003లో. ఇందులో వెళ్లింది సునీతా విలియమ్స్, 2006 డిసెంబర్‌లో. తిరిగొచ్చింది మాత్రం అట్లాంటిస్ షటిల్‌లో, 2007 జూన్‌లో. కొలంబియాకి ఏమైందో పిల్లలకి చెప్పాలంటే రెక్క ముందు అంచు దగ్గర నిలబెట్టండి. బూడిద రంగులో వంపు తిరిగిన పలకలు వరసగా కనిపిస్తాయి. అవి కార్బన్‌తో చేసినవి, కిందికి దిగేటప్పుడు అన్నిటికంటే ఎక్కువ వేడిని తట్టుకోవాల్సింది ముక్కు, ఈ అంచులే. కొలంబియా ఎగిరేటప్పుడు ఇంధన ట్యాంకు మీది నురగ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కలో సరిగ్గా ఈ భాగానికి తగిలి కన్నం చేసింది. 2003 ఫిబ్రవరి 1న తిరిగొస్తుంటే ఆ కన్నంలోంచి వేడి వాయువులు రెక్కలోకి దూరాయి. పలక ఎదురుగా ఉంటే పదేళ్ల పిల్లలకి కూడా రెండు నిమిషాల్లో అర్థమవుతుంది. ఆ తర్వాత మళ్లీ మొదట ఎగిరింది 2005లో ఈ డిస్కవరీనే. 1986లో ఛాలెంజర్ షటిల్ పోయాక 1988లో మొదట ఎగిరింది కూడా ఇదే. వెనక్కి వెళ్తే మూడు పెద్ద ఇంజిన్ల నోళ్లు కనిపిస్తాయి. అవి అసలువి కావు, నమూనాలు. అసలు ఇంజిన్లని కొత్త రాకెట్ల కోసం నాసా తీసుకుంది.

ఆ హ్యాంగర్‌లో ఇంకో రెండు చూసి బయటపడితే చాలు. ఒకటి, చంద్రుడి మీంచి ఏవైనా క్రిములు అంటుకుని వచ్చాయేమోనన్న భయంతో అపోలో 11 వ్యోమగాముల్ని ఉంచిన ట్రైలర్ బండి. కోవిడ్ క్వారంటైన్ చూసిన పెద్దవాళ్లకి దీన్ని వివరించక్కర్లేదు. రెండోది, 1973లో స్కైలాబ్ అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన సాలీడు. దాని పేరు అనిత. బరువు తెలియని చోట గూడు అల్లగలదో లేదో చూద్దామని ఒక స్కూలు పిల్ల చెప్పిన ప్రయోగం అది. చిన్న సీసాలో ఉంటుంది, వెతికితే గానీ కనపడదు.

ఇప్పటికి సుమారు పదకొండున్నర అవుతుంది. “నాకేం ఫర్లేదు, మీరు చూసి రండి” అని అమ్మ అందంటే కాళ్లు నొప్పులని అర్థం. అప్పుడు ఐమాక్స్ థియేటర్ పనికొస్తుంది. దానికి టికెట్ వేరే, సినిమా దాదాపు ముప్పావుగంట, మెత్తటి కుర్చీలు. పెద్దవాళ్లని అందులో కూర్చోబెట్టి మిగతావాళ్లు విమానాలు చూడొచ్చు. చూడాల్సినవి ఎంచుకోండి: ధ్వని కంటే వేగంగా ఎగిరిన ఎయిర్ ఫ్రాన్స్ కాంకర్డ్, 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే. మిగతావి నడుస్తూ చూసేవే. ఓపిక మిగిలితే అబ్జర్వేషన్ టవర్‌కి ఎలివేటర్‌లో వెళ్లొచ్చు, డల్లెస్‌లో దిగే విమానాలు కనిపిస్తాయి. మబ్బు రోజున మానేయండి. సిమ్యులేటర్ రైడ్‌లకి వేరే డబ్బులు, ముందే పిల్లలకి ‘ఒక్కటే’ అని చెప్పి ఉంచడం మంచిది.

దగ్గర్లో ఉండేవాళ్లు విమానాల హ్యాంగర్‌ని అసలు ఆ రోజు పెట్టుకోకపోతేనే మేలు. ఇంకో సాయంత్రం 4 దాటాక పార్కింగ్ ఖర్చు లేకుండా వచ్చి, గంటన్నరలో అది ఒక్కటే చూసుకోవచ్చు. అప్పటికి జనం పలచబడతారు. అలా వచ్చేట్టయితే గిఫ్ట్ షాపు పని మొదట్లోనే ముగించుకోండి, చివరి నిమిషం దాకా ఆగితే క్యూలో ఇరుక్కుంటారు.