కోపెన్‌హేగెన్‌లో ఎడమకు తిరగాలంటే

కోపెన్‌హేగెన్‌లో దిగిన మర్నాడు మా మేనకోడలు సైకిల్ తాళంచెవి ఇచ్చినట్టే ఇచ్చి మళ్ళీ లాక్కుంది. "ముందు మన వాకిట్లో రెండు చుట్లు తిరుగు అత్తా, రోడ్డు సంగతి తర్వాత" అంది. అక్కడి పాత అపార్ట్‌మెంట్లు చాలావరకు నాలుగు వైపులా కట్టి, మధ్యలో పెద్ద వాకిలి వదిలేసి ఉంటాయి. చెత్త డబ్బాలు, పిల్లల ఇసుకగుంట, లెక్కలేనన్ని సైకిళ్ళు, అన్నీ అందులోనే. నేను కాలేజీకి సైకిల్ మీదే వెళ్ళినదాన్ని, నాకు నేర్పేదేమిటని కొంచెం బిగుసుకున్నాను. కానీ తను చూడదలచుకున్నది తొక్కడం కాదు, చేతులు.

కుడికి తిరగాలంటే కుడి చెయ్యి పక్కకు చాచాలి, ఎడమకైతే ఎడమ చెయ్యి. ఇంతవరకు తెలిసిందే. ఆగబోయే ముందు కూడా చెయ్యి పైకెత్తాలి, జవాబు తెలిసిన పిల్లవాడు క్లాసులో ఎత్తినట్టు. ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, భుజం మీదుగా వెనక్కి ఒకసారి చూసి, సైకిల్ వంకర పోకుండా ఇదంతా చెయ్యాలి.

"ఆగడానికి కూడా చెప్పాలిటే?"

"చెప్పకుండా ఆగావనుకో, వెనకాయన ముందు చక్రం నీ వెనక చక్రంలో ఉంటుంది. పైగా తిడతాడు. మాట అర్థం కాకపోయినా మొహం చూస్తే తెలిసిపోతుంది."

ఇంకో చిక్కు బ్రేకుది. తన సైకిల్‌కి ముందు చక్రానికి చేతి బ్రేకు ఉంది, వెనక చక్రానికి లేదు. పెడల్‌ని వెనక్కి తొక్కితే అదే బ్రేకు. అక్కడ ఈ రకం సైకిళ్ళు చాలానే. ఆగినప్పుడు పెడల్‌ని ఉత్తినే వెనక్కి తిప్పి, కాలికి అందే ఎత్తుకు తెచ్చుకోవడం మనలాంటి వాళ్ళకు అలవాటు. ఇక్కడ అలా తిప్పబోతే పెడల్ బిగుసుకుపోతుంది. అందుకని ఆగేటప్పుడే ఒక పెడల్ పైన ఉండేలా లెక్క చూసుకుని ఆగాలి. పచ్చ లైటు పడగానే నూరు మంది ఒక్కసారి కదిలే చోట ఇది చిన్న విషయం కాదు.

రోడ్డెక్కాక మొదటి పది నిమిషాలూ కుడి, కుడి అని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. అక్కడ బళ్ళన్నీ కుడి పక్కన పోతాయి. పెద్ద రోడ్లకు సైకిల్ దారి రెండు వైపులా విడివిడిగా ఉంటుంది, ఏ వైపు దారి ఆ దిశకే. రంగు గీత గీసి వదిలేసిన దారి కాదది. కారు రోడ్డుకన్నా ఒక మెట్టు ఎత్తు, ఫుట్‌పాత్‌కన్నా ఒక మెట్టు తక్కువ. నన్నడిగితే ఆ రెండు రాతి అంచులు చేసే పని ఏ బోర్డూ చెయ్యలేదు. కారు పొరపాటున కూడా లోపలికి రాదు, నడిచేవాళ్ళు ఫోను చూసుకుంటూ దిగిపోరు. ఇక మనం పాటించాల్సింది ఒకటే. కుడి అంచున ఉండాలి, దాటేవాళ్ళు ఎడమ నుంచి దాటుతారు. ఇద్దరు పక్కపక్కన కబుర్లాడుకుంటూ పోవడం కూడా చూశాను, వెనక బెల్లు మోగేదాకా. సైకిల్‌కి బెల్లు తప్పనిసరి, బెల్లు తప్ప మరో హారన్ పెట్టుకోకూడదు. ఆ బెల్లు కూడా జనం ఎడాపెడా కొట్టరు. కొడితే మాత్రం అందులో కాస్త మందలింపు ఉంటుంది.

ఉదయం పూట నోరెబ్రోగేడ్ అనే వీధి మీదుగా ఊళ్ళోకి వెళ్ళాం. ఆ వీధిలో సిగ్నళ్ళను సైకిల్ వేగానికి సరిపెట్టారు. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున తొక్కుతూ పోతే వరసగా అన్నీ పచ్చగా దొరుకుతాయి. పొద్దున ఊళ్ళోకి వచ్చేవాళ్ళకు, సాయంత్రం ఇళ్ళకు మళ్ళేవాళ్ళకు. నా కాళ్ళకు 20 ఎక్కువే, కాబట్టి ఆ పచ్చదనం నాకు ఎక్కువసేపు దక్కలేదు. కానీ దాని ఫలితం మాత్రం కళ్ళారా చూశాను. ముందుకు దూసుకుపోయినవాడికి తర్వాతి సిగ్నల్ ఎర్రగానే ఎదురవుతుంది కాబట్టి దూసుకుపోయే సరదా ఎవరికీ లేదు. వేగ పరిమితి బోర్డు పెట్టి, పోలీసును నిలబెట్టి చేసే పనిని సిగ్నళ్ళ లెక్కతో చేశారు.

ఆ వీధి చివర లూయీస్ రాణి వంతెన. ఊరికీ నోరెబ్రో పేటకీ మధ్య వరసగా ఉన్న సరస్సుల మీద కట్టింది. పనిరోజుల్లో దీని మీద పదుల వేల సైకిళ్ళు పోతాయి. కార్లకు ఇచ్చిన చోటు తగ్గించి సైకిల్ దారులను వెడల్పు చేశారు. ఎండ వస్తే గట్టు బెంచీల మీద జనం కూర్చునే ఉంటారు. ఈ సరస్సుల ఒడ్డునే ఒకప్పుడు పెద్ద మోటారు రహదారి వేయాలనుకున్నారు. సోరింగెన్ అని దానికి పేరు కూడా పెట్టారు. 1972లో ఆ ఆలోచన మానుకున్నారు. మరుసటి ఏడాది చమురు సంక్షోభం వచ్చి డెన్మార్క్‌లో ఆదివారాలు కార్లు బయటకు తీయకూడదన్నారు. ఆ దశాబ్దమంతా సైకిళ్ళవాళ్ళు వేలాదిగా ఊరేగింపులు తీసి దారులు అడిగారు. డెన్మార్క్ సైకిలిస్టుల సమాఖ్య 1905 నాటిది, అడగడం అంతకుముందే నేర్చుకున్నవాళ్ళే. ఈ ఊరు పుట్టుకతోనే సైకిళ్ళ ఊరని చెప్పేవాళ్ళకు ఈ కథ తెలియదు.

ఇక ఎడమ మలుపు.

మన అలవాటు ప్రకారం అవతలి వైపుకు తిరగాలంటే మెల్లగా రోడ్డు మధ్యకు జరుగుతాం, ఎదురు బళ్ళ మధ్య సందు చూసుకుని తిరిగేస్తాం. డెన్మార్క్‌లో సైకిల్ మీద అలా చేయడం నిషేధం. ఎడమకు వెళ్ళాల్సినవాళ్ళు కూడా నేరుగానే పోవాలి. కూడలి దాటి, అవతలి మూల కుడి అంచున, చెయ్యెత్తి ఆగాలి. అక్కడ సైకిల్‌ని ఎడమకు తిప్పుకుని నిలబడాలి. ఆ రోడ్డుకు పచ్చ పడ్డాక అందరితో కలిసి దాటాలి. అంటే ఒక్క మలుపుకు రెండు సిగ్నళ్ళు.

మొదట ఇది వట్టి చాదస్తమనిపించింది. ఎదురుగా కారు లేదు, వెనక కారు లేదు, అయినా మూలకు పోయి నిలబడాలి. మా మేనకోడలితో అన్నాను కూడా. తను "కూడలి మధ్యలో ఎవరైనా సైకిల్ మీద కనిపించారా అత్తా నీకు?" అని ఎదురు అడిగింది. చూస్తే నిజమే, ఒక్కరూ లేరు. కారు నడిపేవాడికి సైకిల్ ఎప్పుడూ కుడి పక్కనే ఉంటుంది, ఇంకెక్కడా వెతుక్కోనక్కర్లేదు. ఆ సంగతి పట్టుబడ్డాక ఆ రెండో సిగ్నల్ దగ్గర విసుగు పోయింది. విసుగు పోవడమేమిటి, అదే నాకు నచ్చిన చోటు అయింది. మూల మీద ఒక కాలు గట్టున ఆనించి నిలబడితే ఊరంతా కళ్ళముందే పోతుంది. కొన్ని సిగ్నళ్ళ దగ్గర కాలు పెట్టుకోవడానికే ఒక కమ్మీ కట్టి ఉంటుంది. సైకిల్ దిగకుండా దాని మీద పాదం ఆనించుకోవచ్చు.

ఎర్ర లైటు ఉండగా కుడికి తిరగడం కూడా కుదరదు. తిరగవచ్చని బోర్డు పెట్టిన చోట మాత్రమే తిరగాలి. చాలామంది యాత్రికులకు ఇది తెలియదు, ఖాళీ దారి చూసి తిరిగేస్తారు. ఒక చోట అలా తిరిగిన కుర్రాణ్ణి ఓ పెద్దావిడ ఆపి మరీ దులిపేసింది. పోలీసు అవసరం లేదక్కడ.

ఇన్ని ఏర్పాట్లున్నా నిజంగా భయపడాల్సింది ఒకటుందని మా మేనకోడలు పదేపదే చెప్పింది. కుడికి తిరిగే లారీ. నేరుగా పోయే సైకిల్‌కు దారివ్వాల్సింది లారీయే, చట్టం సైకిల్ పక్షానే ఉంది. కానీ అంత ఎత్తున కూర్చున్న డ్రైవరుకు తన కుడి పక్కన ఆనుకుని ఉన్న మనిషి కనిపించకపోవచ్చు. అందుకే కూడళ్ళలో కార్లు ఆగే గీతను సైకిళ్ళ గీతకన్నా వెనక్కి జరిపారు. చాలాచోట్ల సైకిళ్ళకు విడిగా చిన్న సిగ్నల్ ఉంటుంది, అది కార్లకన్నా కొన్ని సెకన్ల ముందే పచ్చబడుతుంది. ప్రమాదమున్న కూడళ్ళలో సైకిళ్ళు దాటే పట్టీకి నీలం రంగు వేశారు. అయినా తన సొంత నియమం వేరు. "లారీ కుడి లైటు కొడుతుంటే నాకు హక్కుందా లేదా అని చూడను. వెనక ఆగిపోతాను, అంతే." ఆ ఊళ్ళో నేను విన్నవాటిలో ఎక్కడికైనా పనికొచ్చే మాట ఇదే.

బస్సు స్టాపుల దగ్గర లెక్క ఇంకో రకం. కొన్నిచోట్ల బస్సుకూ సైకిల్ దారికీ మధ్య జనం నిలబడడానికి అరుగు ఉంటుంది. అక్కడ దిగినవాళ్ళే సైకిళ్ళు పోయేదాకా ఆగాలి. అరుగు లేని చోట ప్రయాణికులు తిన్నగా సైకిల్ దారిలోకే దిగుతారు, అక్కడ సైకిళ్ళు ఆగాలి. ఏ స్టాపు ఏదో కొత్తవాళ్ళకు దూరం నుంచి తెలియదు. బస్సు ఆగి ఉందంటే నేను నెమ్మదించేదాన్ని. వెనక బెల్లు మోగితే మోగనిచ్చేదాన్ని.

నడిమి ఊళ్ళో స్ట్రోగెట్ అనే బజారు వీధి 1962 నుంచి నడిచేవాళ్ళదే. అందులో సైకిల్ దిగి నడిపించుకు పోవాలి. ఫుట్‌పాత్ మీదా, జీబ్రా గీతల మీదా అంతే. దిగి నడిస్తే మనం పాదచారులం, ఎక్కితే వాహనం. ఈ తేడాను అక్కడి పిల్లలు కూడా గట్టిగా పట్టించుకుంటారు. 6వ తరగతి వయసులో బళ్ళో సైకిల్ పరీక్ష కూడా ఉంటుందట. పక్కింటి పాప తల్లి సైకిల్‌కి ముందున్న చెక్క పెట్టెలో కూర్చుని, తల్లి తిరగబోయే వైపు తనూ చెయ్యి చాచడం నేను రోజూ చూశాను. ఆ పెట్టె సైకిళ్ళు 1984లో క్రిస్టియానియా అనే పేటలో పుట్టాయి, ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. దారిలో సగం ఆక్రమిస్తాయి, దాటాలంటే ఓపిక కావాలి.

ఓడరేవు వైపు వెళ్ళిన రోజు గాలి ఎదురుగా కొట్టింది. ఆ ఊళ్ళో కొండలు లేవు, కొండల పని గాలే చేస్తుంది. 2014లో కట్టిన సైకిల్ పాము అనే వంతెన ఎక్కాం. నారింజ రంగు దారి, మెలికలు తిరుగుతూ నీళ్ళ మీదుగా సుమారు 230 మీటర్లు, సైకిళ్ళకు మాత్రమే. అది రాకముందు సైకిళ్ళు రేవు గట్టు మీద నడిచేవాళ్ళ మధ్య ఇరుక్కుంటూ, మెట్ల దగ్గర మోసుకుంటూ పోవాల్సి వచ్చేదట. ఇందులో మాత్రం రెండు వైపుల రాకపోకలూ ఉన్నాయి, కాబట్టి ఫొటో కోసం మధ్యలో ఆగితే ఇద్దరి దారీ మూసినట్టే. నీహౌన్ అనే పాత రేవు దగ్గర 2016లో తెరిచిన ఇంకో వంతెన నాకంత నచ్చలేదు. పడవల కోసం తెరుచుకునేలా కట్టారు, అంతవరకు బాగుంది. కానీ మధ్యలో సైకిల్ దారి ఒక్కసారిగా వంకర తిరుగుతుంది. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న ఊళ్ళో ఆ మలుపును ఎలా వదిలేశారో!

అక్టోబరు చివర అక్కడ పొద్దు తొందరగా వాలిపోతుంది. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు వెలగాల్సిందే. లేకపోతే జరిమానా. హెల్మెట్ విషయంలో మాత్రం చట్టం బలవంతం లేదు. పెట్టుకున్నవాళ్ళూ పెట్టుకోనివాళ్ళూ సమానంగా కనిపించారు. నేను పెట్టుకున్నాను. ఫోను చేత్తో పట్టుకుని తొక్కితే తప్పు. దారి తెలియకపోతే గట్టు పక్కకు పోయి, చెయ్యెత్తి, ఆగి చూసుకోవాలి.

వెళ్ళిపోయే ముందు ఊరికి ఉత్తరాన ఉన్న జింకల అడవికి వెళ్ళాం. లోకల్ రైళ్ళలో 2010 నుంచి సైకిల్‌కి టికెట్టు లేదు. మెట్రోలో అయితే టికెట్టు కొనాలి, రద్దీ వేళల్లో అసలు ఎక్కనివ్వరు. నోరెపోర్ట్ స్టేషన్లో రద్దీ వేళ సైకిల్‌తో ఎక్కడం దిగడం మీద ఆంక్షలున్నాయి కాబట్టి మధ్యాహ్నం బయలుదేరాం. రైల్లో సైకిళ్ళ కోసం కేటాయించిన పెట్టె మీద సైకిల్ బొమ్మ పెద్దగా వేసి ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు.

తిరుగు ప్రయాణంలో ఆ పెట్టెలో అప్పటికే సైకిళ్ళు నిండి ఉన్నాయి. నేను నాది ఎక్కడ ఆనించాలా అని చూస్తుంటే, ఓ ముసలాయన పేపరు మడిచి లేచి, ఏ స్టేషన్లో దిగుతారని ఇంగ్లీషులో అడిగాడు. చెప్పాను. తన సైకిల్ బయటకు తీసి, నాది లోపల పెట్టి, తనది దాని మీద ఆనించాడు.

"ఆయన మనకన్నా ముందు దిగుతాడు, అందుకని" అంది మా మేనకోడలు.

"ఇది కూడా రూలేనా?"

"కాదులే. కానీ అడక్కుండా పెట్టేస్తే మాత్రం ఊరుకోరు."