సీసా తెమ్మంటే నీళ్ల సీసా తెచ్చాను

బెంగళూరు వచ్చిన మొదటి వారం, మా యజమాని మైదానం అవతలి నుంచి "సీసా తీసుకురా" అని హిందీలో కేక వేశారు. పరుగున వెళ్లి నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాను. ఆయన సీసా వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. నీళ్లు తాగి, గోడవారగా ఉన్న పొడవాటి పలకను వేలితో చూపించారు. పార్కుల్లో పిల్లలు రెండు చివర్లా ఎక్కి పైకీ కిందికీ ఊగే బల్ల లాంటిదే అది. ఇంగ్లీషులో దాని పేరూ సీసానే. ఇక్కడ దాని మీద నడిచేది కుక్క.

2012లో దర్శి నుంచి వచ్చాను. వర్తూరు వైపు కుక్కలను ఉంచే ఒక చోట బోనులు కడగడం, గిన్నెలు తోమడం నా పని. కన్నడం రాదు, ఇంగ్లీషు అసలే రాదు, హిందీ సినిమాల పుణ్యమా అని నాలుగు ముక్కలు వచ్చు. ఇప్పుడు అదే మైదానంలో కుక్కలకూ వాటి యజమానులకూ అజిలిటీ, అంటే కుక్క అడ్డంకులు దాటుతూ పరుగెత్తే ఆట, నేర్పుతున్నాను. మా ఊళ్లో నన్ను "కుక్కల పంతులు" అంటారు. నేను ఎక్కువగా తిట్టేది మనుషులనే అని వాళ్లకు తెలియదు.

ఈ ఆట 1978లో లండన్‌లో పుట్టింది. క్రఫ్ట్స్ అనే కుక్కల ప్రదర్శనలో, మధ్యలో జనం విసుగు చెందకుండా, గుర్రాలు కడ్డీలు దూకే పోటీని చూసి కుక్కలతో చేయించారు. ఇప్పుడు ఒక్కో పోటీలో ఇరవై దాకా అడ్డంకులు ఉంటాయి, వాటిని అంకెల వరుసలోనే దాటాలి. కుక్కకు తాడు కట్టి ఉండదు, మన చేతిలో తినుబండారం ఉండకూడదు, కుక్కను తాకకూడదు. కడ్డీ పడితే 5 తప్పులు. పోటీకి ముందు హ్యాండ్లర్లు, అంటే కుక్కను పరుగెత్తించేవాళ్లు, కొద్ది నిమిషాలు కుక్క లేకుండా ఆ దారి నడిచి చూసుకోవచ్చు. పక్కన లేని కుక్కకు చేయి చాపుతూ, భుజం తిప్పుతూ, గొణుక్కుంటూ పదిమంది పెద్దమనుషులు తిరుగుతుంటే మొదటిసారి చూసి నేను చీపురు పక్కన పెట్టి నవ్వాను.

ఆ చీపురే నాకు ఈ విద్య నేర్పింది. రెండేళ్లు మైదానం ఊడుస్తూ పాఠాలు చూశాను. వాళ్ల మాటలు నాకు అర్థం కావు కాబట్టి కాళ్లు చూసేవాణ్ణి. టన్నెల్ అంటే కుక్క దూరిపోయే గొట్టం. "టన్నెల్, టన్నెల్" అని అరుస్తున్నవాడి పాదాలు పక్కనున్న కడ్డీ వైపు తిరిగి ఉండేవి. కుక్క కడ్డీ దూకేది. ఆయనకు కోపం వచ్చేది. కుక్క మాత్రం చెప్పినట్టే చేసింది, ఆయన పాదాలు చెప్పినట్టు. ఒకరోజు ఉండబట్టలేక, పరుగు మొదలు కాకముందే "ఇది టన్నెల్‌లోకి పోదు సార్" అన్నాను. పోలేదు. మరుసటి వారం యజమాని నా చేతిలో చీపురు తీసుకుని ఈల పెట్టారు.

కొత్తగా వచ్చేవాళ్లకు తొందర ఎక్కువ. ఆరు నెలల కుక్కపిల్లను నిండు ఎత్తు దూకించమంటారు. ఎముకలు ముదరని పిల్లకు కడ్డీని నేల మీదే పెడతాను. అంతర్జాతీయ పోటీల్లో 18 నెలలు నిండని కుక్కను దిగనివ్వరని చెబితే కొందరు ముఖం ముడుచుకుంటారు. ముడుచుకోనివ్వండి. వీవ్ పోల్స్ అయితే మరీ. 60 సెంటీమీటర్ల దూరంతో 12 కర్రలు, కుక్క వాటి మధ్య పాములా మెలికలు తిరుగుతూ పోవాలి, మొదటి కర్ర దాని ఎడమ భుజం పక్కగా రావాలి. మావి నీళ్ల పైపులు, ప్లంబింగ్ దుకాణంలో కొని నేనే కోశాను. మొదట రెండే పాతుతాను. ఏ దిక్కు నుంచి వదిలినా ఆ రెండింటి మధ్య సరిగ్గా దూరడం వచ్చేదాకా మూడోది ఉండదు. మారతహళ్లిలో దొరికిన ఒక వీధికుక్క దీన్ని ఖరీదైన జాతికుక్కలకన్నా ముందు నేర్చుకుంది. దాని యజమానురాలు తక్కువ మాట్లాడుతుంది, అదీ కారణం కావచ్చు.

ఇక ఆ సీసా. కుక్క భయపడేది ఎత్తుకు కాదు, పలక నేలకు తగిలినప్పుడు వచ్చే చప్పుడుకు. అందుకే మొదట చివర కింద పాత పరుపు వేస్తాం. గుంటూరు నుంచి వచ్చిన ఒక కంప్యూటర్ ఉద్యోగి కుక్క లియో, పరుపు తీసేయగానే పలక మధ్యలో బిగుసుకుపోయింది. ఇంట్లో దానితో తెలుగే మాట్లాడే ఆయన మైదానంలోకి రాగానే ఇంగ్లీషులోకి మారిపోతాడు. "వెయిట్, వెయిట్" అంటూ పక్కన నిలబడి దాని ముఖంలోకి వంగాడు. అది ఇంకా వెనక్కి నక్కింది. అంతలో, పలకకు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న వాళ్లమ్మగారు "నెమ్మదిగా రా నాన్నా, పడవులే" అన్నారు. లియో చెవులు నిక్కించింది. ఒక్కో అడుగూ వేసింది. పలక దభీమని వాలింది. అది తిన్నగా ఆమె ఒళ్లోకి పోయింది.

"అన్నా, అయితే ఇకమీదట తెలుగులో చెప్పనా?" అన్నాడాయన.

"ఏ భాషైనా సరే సార్. ముందు మీరు దాని ముఖంలోకి వంగకుండా, అమ్మగారిలా ఎదురుగా ఉండి పిలవండి."

మరుసటి ఆదివారం ఆమె కుర్చీని పలక చివర నుంచి పది అడుగులు వెనక్కి జరిపాను. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంటూ, "నన్ను కూడా నీ కర్రల్లో ఒకటి చేశావా బాబూ?" అన్నారు. ఆ పై వారం ఇంకో అయిదు అడుగులు జరపాలి.