ఫ్రీగా వచ్చిన కోకోపీట్, రాని రివ్యూలు: నా అనుభవం

మాది మిద్దెతోటల వాట్సాప్ గ్రూపు. హైదరాబాద్ వాళ్లు ఎక్కువ. విజయవాడ, రాజమండ్రి, విశాఖ నుంచి కూడా చాలామంది ఉన్నారు. ఆకు మీద మచ్చ వస్తే ఫొటో పెట్టి "ఇదేంటక్కా?" అని అడగడం, మిగిలిన నారు పంచుకోవడం, బీరపాదు మొదటి పిందె వేస్తే అందరికీ చూపించుకోవడం. ఇంతవరకే మా వ్యవహారం. గ్రూపు పెద్దదయ్యేసరికి కంపెనీల కళ్లు పడ్డాయి. కోకోపీట్ (మొక్కలు పెంచడానికి వాడే కొబ్బరి పొట్టు) ఇటుకలు చేసేవాళ్లు, వేపనూనె అమ్మేవాళ్లు, గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) కుట్టించేవాళ్లు వరసగా ఫోన్లు. "శాంపిల్స్ పంపిస్తాం మేడమ్, మీ మెంబర్స్ వాడి రివ్యూ ఇస్తే చాలు."

డబ్బు ప్రసక్తి లేదు. వస్తువు వాడేవాళ్లకు మిగులుతుంది, దాని బాగోగులు గ్రూపుకు తెలుస్తాయి. సరే అనుకున్నాం. అడ్మిన్లంతా ఉద్యోగాల్లో ఉన్నారు కాబట్టి చూసుకునే పని నాకొచ్చింది.

మొదట వచ్చింది కోకోపీట్. 5 కిలోల ఇటుకలు. "ఎవరికి కావాలి?" అని గ్రూపులో పెట్టగానే నిమిషాల్లో చేతులు లేచాయి. అడ్రసులు తీసుకున్నాం, పార్సిళ్లు వెళ్లాయి. ఆ తర్వాత ఎవరి నుంచీ ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అస్సలు రాలేదనడం కూడా న్యాయం కాదు. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన పార్సిల్ అందిన మర్నాడే రెండు పేజీలు రాశారు. ప్యాకింగ్ ఎంత గట్టిగా ఉంది, కొరియర్ అబ్బాయి ఎంత మర్యాదగా మాట్లాడాడు, అట్టపెట్టె మీద ముద్రణ ఎలా ఉంది, అన్నీ ఉన్నాయి. ఇటుకను మాత్రం ఇంకా నీళ్లలో వెయ్యలేదు. మిగతావాళ్లను "వాడారా అండీ?" అని అడిగితే బొటనవేలి గుర్తు. అది వాడామనా, మెసేజ్ చూశామనా, చూస్తాంలే అనా?

ఇటు పక్క కంపెనీ తరఫు కుర్రాడు రోజు విడిచి రోజు ఫోన్. "మేడమ్, మా సార్ అడుగుతున్నారు." అతన్నీ తప్పుపట్టలేం, అతని టెన్షన్ అతనిది. కానీ నారు పోసి, అది నాలుగాకులు వేసి, వేరు ఎలా పట్టిందో చూడకుండా కోకోపీట్ గురించి ఏం చెబుతారు ఎవరైనా?

చివరికి మెసేజ్‌లు మానేసి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. అసలు సంగతులు అప్పుడు బయటపడ్డాయి. బద్ధకించినవాళ్లు నిజంగా తక్కువే. ఒకావిడ అత్తగారు ఆస్పత్రిలో ఉన్నారు, ఇటుక మెట్ల కింద అలాగే పడి ఉంది. "ఫ్రీగా తీసుకుని వాడలేదని ఎలా చెప్పనండీ, సిగ్గేసింది" అంది. ఇంకొకాయనకు రాయడమంటే భయం. మాట్లాడమంటే అరగంట మాట్లాడతారు, టైపు చెయ్యమంటే చెయ్యి రాదు. ఒకమ్మాయి ఎదురు నన్నే అడిగింది: "ఎప్పటిలోగా చెప్పాలో మీరు చెప్పలేదు కదక్కా, మిరప కాపు అయ్యాక రాద్దామనుకున్నాను."

అన్నింటికంటే నన్ను ఆలోచనలో పడేసింది విశాఖలో ఉండే ఒక స్కూలు టీచర్ గారి మాట. ఆవిడ ఇటుకను నానబెట్టి, పిండి, ఆ నీళ్లలో టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపేది) పెట్టి చూశారు. మామూలు కుళాయి నీళ్ల కంటే అంకె ఎక్కడికో పోయింది. కొబ్బరి పీచును చాలాచోట్ల ఉప్పునీళ్లలో ఊరబెడతారు. తర్వాత మంచినీళ్లతో సరిగ్గా కడగకపోతే ఆ లవణాలు పొట్టులోనే ఉండిపోతాయి, లేత మొక్కల ఆకుల అంచులు మాడతాయి. ఆవిడ మూడు నాలుగు సార్లు కడిగి వాడుకున్నారు, టమాటా నారు బాగానే వచ్చింది. ఇంత పనికొచ్చే విషయం గ్రూపులో ఎందుకు పెట్టలేదంటే, "వాళ్ల ఉప్పు తిన్నాం కదమ్మా, బాగాలేదని ఎలా రాస్తాం?" అన్నారు. ఇటుకలో ఉన్నదీ ఉప్పే, ఆవిణ్ని ఆపిందీ ఉప్పే. ఇద్దరం నవ్వుకున్నాం.

మన మొహమాటం అలాంటిది. పెళ్లిభోజనంలో కూరలో ఉప్పు ఎక్కువైందని పిలిచినవాళ్ల మొహం మీద ఎవరూ చెప్పరు. ఉచితంగా వచ్చిన వస్తువు విషయంలోనూ అంతే, చేతిలో పడ్డాక నోరు పెగలదు. అందుకే చెప్పాల్సినవన్నీ పార్సిల్ బయల్దేరక ముందే చెప్పేయాలని, అందరూ అవునన్నాకే అడ్రసులు అడగాలని అనుకున్నాం.

రాసుకోవడం మొదలుపెడితే అడ్మిన్లలో ఒకాయన ఏకంగా పద్నాలుగు నిబంధనలు తయారు చేశారు. గడువు దాటితే గ్రూపులోంచి తీసేస్తామని కూడా ఉంది అందులో. మొక్కలు పెంచుకోవడానికి వచ్చినవాళ్లకు ఇంత హడావిడి ఎందుకని నేను గట్టిగానే వాదించాను. వీళ్లు జీతానికి చేసేవాళ్లు కారు. తమ తీరిక సమయం ఇస్తున్నవాళ్లకు షోకాజ్ నోటీసు భాష పనికిరాదు. చివరికి ఒక మెసేజ్‌లో పట్టేంతకు కుదించాం. ఇప్పుడు పంపేది ఇదీ:

"ఈ వస్తువు మీకు ఉచితం. దీనికి బదులుగా పొగడాల్సిన పని లేదు. వాడి చూసింది చూసినట్టు చెబితే చాలు. పార్సిల్ రాగానే 'అందింది' అని ఒక్క మాట పెట్టండి. ఆ తర్వాత రెండు వారాలకోసారి, ఆదివారం ఉదయం, నేనే అడుగుతాను. 'ఇంకా వాడలేదు' అన్నా, 'చెప్పేంత ఏమీ లేదు' అన్నా అది జవాబే. దయచేసి బొమ్మ గుర్తులు వద్దు, మాట పెట్టండి. వాయిస్ మెసేజ్ అయినా పర్లేదు. కుదరదనిపిస్తే 'నా వల్ల కాదు' అనండి. కారణం అడగం, వస్తువు ఇంకొకరికి ఇచ్చేద్దాం. కంపెనీ వాళ్లు మీకు ఫోన్ చెయ్యరు. చేస్తే నాకు చెప్పండి."

దీంట్లో ఎక్కువ పని చేసింది 'నా వల్ల కాదు' అన్న మాట. అది రాస్తే సగం మంది తప్పుకుంటారని ఒక అడ్మిన్ భయపడ్డారు. అలా జరగలేదు. తప్పుకునే దారి ఉందని తెలిశాక మాయమయ్యేవాళ్లు తగ్గారు. తప్పుకున్నవాళ్లు కూడా మళ్లీ తీరిక దొరికినప్పుడు చెయ్యెత్తుతున్నారు, మొహం చాటేయడం లేదు.

ఆదివారం ఉదయం అని ఎందుకంటే, మా వాళ్లలో ఎక్కువమంది మేడ మీదే ఉండే సమయం అది. ఫోన్ చేతిలోనే ఉంటుంది, మొక్క ఎదురుగా ఉంటుంది. ఫొటో కూడా దానంతటదే వస్తుంది. రాత్రి పదింటికి అడిగితే వచ్చేవి ముక్తసరి జవాబులు.

రివ్యూలో ఏముండాలో కూడా ముందే చెప్పేస్తున్నాం. ఎంత వాడారు, ఎలా వాడారు, ఎప్పుడు వాడారు, ఏం జరిగింది. చివర ఒక ప్రశ్న: ఈ ధరకు మీ డబ్బులతో కొంటారా? ఎంత మొహమాటస్తులైనా ఈ ఒక్కదానికి నిజం చెప్పేస్తారు. "చాలా బాగుందండీ" అని మొదలుపెట్టి, ఇక్కడికొచ్చేసరికి "కొనను" అన్నవాళ్లు ఉన్నారు.

సభ్యుల సంగతి ఇలా తేలికైంది కానీ కంపెనీలతోనే అసలు తిప్పలు. వాళ్లు అడిగేవి రెండు. సభ్యుల ఫోన్ నంబర్లు కావాలి, రివ్యూ గ్రూపులో పెట్టకముందు తమకు చూపించాలి. నంబర్లు ఇవ్వమని చెప్పేశాం. పార్సిళ్లన్నీ ఒకచోటికే పంపమన్నాం, అక్కడి నుంచి మేమే పంచుకుంటాం. మొదటి విడతలో అడ్రసుతో పాటు నంబరు కూడా వెళ్లడంతో ఏం జరిగిందో చూశాం. ఒకాయన పొట్టులో పుల్లలు ఎక్కువున్నాయని కంపెనీ కుర్రాడితో నోరు జారితే, మర్నాటికి ఇంకో రెండు ఇటుకలు, ఒక డబ్బా వర్మీకంపోస్ట్ ఇంటికొచ్చాయి. ఆయన రివ్యూలో పుల్లల ప్రస్తావనే లేదు. దాన్ని లంచం అనలేం. అలాగని ఏమీ కాదనీ అనలేం.

ముందే చూపించమనే విషయంలో కొంత సర్దుకున్నాం. ధర, బరువు, మోతాదు లాంటివి తప్పుగా పడితే దిద్దుకోవడానికి రెండు రోజులు ఇస్తాం. అభిప్రాయం జోలికి రాకూడదు. ఒక కంపెనీ దీనికి ఒప్పుకోలేదు. "మా ప్రోడక్ట్ మీద నెగెటివ్ వస్తే మేమెందుకు పంపాలి మేడమ్?" అని సూటిగానే అడిగారు. పంపొద్దన్నాం. మాటలు చెడకుండానే అక్కడితో ఆగింది.

వస్తువు ఉచితంగా వచ్చిందన్న వాక్యం రివ్యూలో మొదటే ఉండాలన్నది కూడా మా షరతు. ఇది మా సొంత పట్టింపు అనుకునేవాళ్లు చాలామంది, కానీ కాదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో సోషల్ మీడియా ప్రచారాల గురించి ఒక మార్గదర్శిని విడుదల చేసింది. డబ్బే కాదు, అడక్కుండా పంపిన ఉచిత వస్తువు కూడా కంపెనీతో ఉన్న సంబంధం కిందికే వస్తుందని, ఆ సంగతి చదివేవాళ్ల కంట పడకుండా పోయే వీల్లేనంత స్పష్టంగా చెప్పాలని, హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపేయకూడదని అందులో ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు, దానికి వత్తాసు పలికినవాళ్లకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. ఈ అంకె చెప్పగానే బ్యాంకు పెద్దాయన తన రెండు పేజీలు వెనక్కి తీసుకుంటానన్నారు. మేడ మీద వంకాయలు పెంచుకునేవాళ్ల కోసం పెట్టిన జరిమానా కాదని, ఒక్క వాక్యం ముందు పెడితే మనకు పోయేదేమీ లేదని నచ్చజెప్పాల్సి వచ్చింది. ఆన్‌లైన్ రివ్యూల సేకరణ, వడపోత, ప్రచురణ మీద భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబర్‌లో తెచ్చిన ఐఎస్ 19000 కూడా తిరగేశాను. అది స్వచ్ఛందంగా పాటించేదే, పెద్ద వెబ్‌సైట్లను దృష్టిలో పెట్టుకున్నది. అయినా రివ్యూ రాసేవాళ్ల వ్యక్తిగత వివరాలు కాపాడాలన్న మాట అందులో ఉంది కాబట్టి, నంబర్లు ఎందుకివ్వరని కంపెనీలు అడిగినప్పుడు నాకు అక్కరకొచ్చింది.

ట్యాక్స్ పడుతుందా అని కూడా ఒకరు అడిగారు. గ్రూపులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంట్ గారు తేల్చేశారు: వ్యాపారానికో వృత్తికో సంబంధించి ఇచ్చే కానుకల విలువ ఏడాదికి 20,000 రూపాయలు దాటితే ఇచ్చేవాళ్లు 10 శాతం పన్ను పట్టుకోవాలన్న నిబంధన 2022 జూలైలో వచ్చింది. మన ఇటుకలు ఆ దరిదాపుల్లో కూడా లేవు.

కొత్త పద్ధతిలో మొదట వెళ్లింది వేపనూనె. 1500 పీపీఎంది, అంటే పురుగుల మీద పనిచేసే అజాడిరాక్టిన్ అనే వేప పదార్థం అందులో ఎంతుందో చెప్పే అంకె. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్లు కలిపి, సాయంత్రం పూట, వారం తేడాతో రెండుసార్లు. ఇవన్నీ మెసేజ్‌లోనే రాసిచ్చాం. మొదటి ఆదివారం అడిగితే అందరి నుంచీ ఏదో ఒక మాట వచ్చింది. ఇద్దరు "ఇంకా వాడలేదు" అన్నారు, ఒకరు "పిండినల్లి లేదు మా ఇంట్లో, వస్తే కొడతా" అన్నారు. అదీ జవాబే. రాజమండ్రి నుంచి ఒకాయన మాత్రం మాడిన మందార ఆకుల ఫొటో పెట్టి, "మీ నూనె వల్లే" అన్నారు.

నూనె నాది కాదు గానీ, సరే. "బాబాయ్ గారూ, ఎంత కలిపారు?" అని అడిగాను.

"అంచనాగా పోశానమ్మా. మూతకు మూడొంతులు."

"ఏ టైమ్‌లో కొట్టారు?"

"భోజనం చేసి పైకెళ్లాను. పన్నెండున్నర అయ్యుంటుంది."

ఆయన రివ్యూను పక్కన పెట్టలేదు. మోతాదు కొలవలేదని, మిట్టమధ్యాహ్నం ఎండలో కొట్టానని ఆయన వాయిస్‌లో చెప్పింది చెప్పినట్టు టైపు చేసి పెట్టాం. గ్రూపులో చాలామందికి అన్నింటికంటే పనికొచ్చింది అదే. కంపెనీ వాళ్లు కూడా దాన్ని చూసి, సీసాతో పాటు కొలత మూత ఇస్తే బాగుంటుందేమో ఆలోచిస్తామన్నారు. ఇచ్చారో లేదో మరి.

ఇప్పుడు నడుస్తున్నవి గ్రో బ్యాగులు. ఇక్కడ రెండు వారాల లెక్క కుదరదు. బ్యాగు సత్తా తెలియాలంటే కనీసం ఒక ఎండాకాలం గడవాలి, మే ఎండకు గుడ్డ పెళుసెక్కుతుందా, తడి మట్టితో ఎత్తితే పిడి దగ్గర కుట్టు ఊడుతుందా అన్నది చూడాలి. కాబట్టి కంపెనీకి జూన్ దాటితే గానీ రివ్యూలు రావని ముందే చెప్పేశాం, మధ్యలో ఫోన్ చెయ్యొద్దన్నాం. ఒప్పుకున్నారు. సభ్యులను నెలకోసారి, మొదటి ఆదివారం అడుగుతున్నాను. ఫొటో ఒకటి, మాట ఒకటి. మొన్న స్కూలు టీచర్ గారు పంపిన ఫొటోలో బ్యాగు కంటే వంకాయలే పెద్దగా కనిపిస్తున్నాయి. కింద ఒకే వాక్యం: "కుట్టు దగ్గర ఒక దారం లేచింది, వచ్చే నెల చూద్దాం."